సహాయమా? మోసమా?



ఈసారి నేను వ్రాస్తున్న విషయం చూసి పెద్దలు కొందరు నవ్వుకోవచ్చు. వీడియో ఆటల గురించి వ్రాయడానికి ఈ పత్రికలో చోటెందుకు అని అడగవచ్చు. అయితే రాత్రి పదకొండు దాటాక మన పిల్లలు తలుపు వేసుకొని ఏమి చేస్తున్నారో మనకందరికీ తెలుసు. ఊరు విడిచి వచ్చిన మనకు ఇక్కడ వీధి అరుగులు లేవు, పిల్లలకు ఆట స్థలాలు లేవు. వాళ్ల స్నేహాలు, పంతాలు, గెలుపు ఓటములు చాలావరకు ఆ తెర మీదనే జరుగుతున్నాయి. వాళ్లు అబద్ధం నేర్చుకునేది అక్కడే కావచ్చు, నిజం నేర్చుకునేదీ అక్కడే కావచ్చు. గనుక దయచేసి చివరివరకు చదవండి. ఇందులో తప్పు చేసింది పిల్లవాడు ఒక్కడే కాదు, నేను కూడా.

నేను కనిగిరి వైపు నుండి 1989లో హోసూరు వచ్చి సిప్‌కాట్‌లో ఎలక్ట్రీషియన్‌గా చేరాను. ఇప్పుడు మా ఇల్లు కెలవరపల్లి ఆనకట్టకు దగ్గరలో ఉంది. మా అక్క కొడుకు డిప్లొమా సగంలో ఆపేసి నా దగ్గరకు వచ్చి ఒక చిన్న ప్రెస్ షాపులో చేరాడు. 2021 చివరలో పవర్ ప్రెస్సు క్రింద పడి వాడి కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు పోయాయి. అప్పటికి వాడికి ఇరవై ఏళ్లు.

ప్రెస్సు సంగతి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. మంచి ప్రెస్సుకు రెండు బటన్లు ఉంటాయి, ఒకటి కుడి ప్రక్క, ఒకటి ఎడమ ప్రక్క. రెండూ ఒకేసారి నొక్కితేనే పైనున్న బరువు క్రిందికి దిగి రేకును కోస్తుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే డై మధ్యలో చెయ్యి ఉండే అవకాశం లేదు. అందుకే అలా పెట్టారు. కాని అలా చేస్తే ఒక్కొక్క పీసుకు రెండు మూడు సెకన్లు ఎక్కువ పడుతుంది. లెక్క పూర్తి చేయాలనే తొందరలో కొన్ని చోట్ల ఒక బటన్‌ను చెక్కముక్కతో ఇరికించి పైన టేపు చుట్టేస్తారు. రెండు చేతులూ బయటనే ఉన్నాయని మిషను అనుకుంటుంది. ఒక చెయ్యి లోపల ఉంటుంది. కొత్తరకం మిషన్లలో ఈ మోసాన్ని పట్టుకునే సర్క్యూటు ఉంది. బటన్ వదలకుండా ఉంటే రెండో దెబ్బ పడదు. పాత మిషన్లలో అది లేదు. మావాడి మిషను పాతది. టేపు ఎవరు చుట్టారని అడిగితే, షిఫ్టుకు వెళ్లేసరికే చుట్టి ఉందన్నాడు.

చెయ్యి మానిన తరువాత వాడు ఆరు నెలలు ఇంట్లోనే ఉన్నాడు. అంతకు ముందు జీతంలో దాచుకొని సెకండ్ హ్యాండులో కొన్న ప్లేస్టేషన్ 4 ఒకటి ఉండేది. తుపాకుల ఆట అంటే వాడికి ప్రాణం. అయితే ఆ ఆటల్లో తుపాకి పేల్చే మీట సరిగ్గా కుడి చూపుడు వేలి క్రిందనే ఉంటుంది. వాడు కంట్రోలర్ చేతిలో పట్టుకొని ఊరక కూర్చునేవాడు. ఆట మొదలు పెట్టేవాడు కాదు. మా అక్క అది చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయేది.

బెంగళూరులో ఉన్న వాడి స్నేహితుడు ఒక అడాప్టర్ గురించి చెప్పాడు. డబ్బు నేనే ఇచ్చాను. అరచేతిలో ఇమిడే చిన్న డబ్బీ అది. కంట్రోలర్ వైరు నేరుగా ప్లేస్టేషన్‌కు పోకుండా ముందు ఈ డబ్బీలోకి పోతుంది, డబ్బీ నుండి ప్లేస్టేషన్‌కు ఇంకొక వైరు. కంప్యూటరుకు తగిలించి అందులోకి స్క్రిప్టులు ఎక్కించాలి. స్క్రిప్టు అంటే ఏమీ లేదు, ఇది జరిగితే అది చెయ్యి అని వరుసగా వ్రాసిన ఆజ్ఞలు. డబ్బీలో కొన్ని గదులు ఉంటాయి, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క స్క్రిప్టు.

ఇంకొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే తప్పు ఎక్కడ మొదలైందో ఇక్కడే తెలుస్తుంది. మనం బొటనవేలితో పుల్లను కదిపితే డబ్బీ దానిని ఒక అంకెగా చదువుతుంది. మధ్యలో ఉంటే సున్న, ఒక కొసకు నెడితే 100, రెండవ కొసకు నెడితే మైనస్ 100. స్క్రిప్టు ఆ అంకెను మార్చి ముందుకు పంపగలదు. ప్లేస్టేషన్‌కు చేరేది మార్చిన అంకె. అది మనిషి వేలినుండే వచ్చిందని ప్లేస్టేషన్ నమ్ముతుంది.

మొదటి గదిలో మేము పెట్టిన స్క్రిప్టు ఒక్క పనే చేసింది. పేల్చే మీటను కుడిచేతి నుండి ఎడమచేతి బటన్‌కు మార్చింది. వాడు ఆట మొదలుపెట్టాడు. ఆ రాత్రి మా ఇంట్లో పండుగే.

రెండవ గదిలోని స్క్రిప్టు స్నేహితుడు పంపాడు. ఆటలో తుపాకి పేల్చినప్పుడు నిజం తుపాకిలాగే గొట్టం పైకి ఎగురుతుంది. దాన్ని బొటనవేలితో క్రిందికి లాగుతూ పట్టుకోవడమే నేర్పు. కొందరికి అది రావడానికి నెలలు పడుతుంది. ఈ స్క్రిప్టు ఆ పని తనంతట తానే చేస్తుంది. పేల్చే మీట నొక్కగానే ఎవరికీ కనబడకుండా పుల్లను కొంచెం క్రిందికి లాగుతుంది. ఎంత లాగాలో ఒక్కొక్క తుపాకికి ఒక్కొక్క అంకె. మేమిద్దరం రెండు రాత్రులు కూర్చున్నాం. వాడు ఆటలో ఒక గోడమీద పేల్చేవాడు, గుండ్ల గుర్తులు పైకి ప్రాకుతుంటే నేను అంకె పెంచేవాణ్ణి. పద్దెనిమిది, ఇరవై రెండు, ఇరవై అయిదు. చివరకు గుర్తులన్నీ పిడికిలంత చోట పడ్డాయి. నేను ముప్పై ఏళ్లు మీటర్లు, గేజీలు సరిచేసినవాణ్ణి. అంకె సరిగ్గా కుదిరినప్పుడు కలిగే సంతోషం నాకు తెలుసు. ఆ రాత్రి ఆ సంతోషమే కలిగింది. మేము చేస్తున్నది ఏమిటని నాకు తట్టలేదు. తట్టలేదని వ్రాయడం కూడా పూర్తి నిజం కాదేమో. తట్టకుండా చూసుకున్నాను.

మూడవ గదిలో, మీట ఒక్కసారి నొక్కి పట్టుకుంటే సెకనుకు ఎన్నోసార్లు నొక్కినట్లు పంపే స్క్రిప్టు పెట్టాం.

మావాడు గెలవడం మొదలుపెట్టాడు. రోజూ ఎదురుగా ఆడే స్నేహితుడు ఒకడు బాగలూరు రోడ్డులో ఉంటాడు. మంచి పిల్లవాడు, ప్రమాదం జరిగినప్పుడు రక్తం ఇచ్చినవాడు. ఒకరోజు ఇంటికి వచ్చి మావాడి చెయ్యి పట్టుకొని, "ఈ చేత్తో అంత నిలకడగా ఎట్లా పట్టుకుంటున్నావురా? నాకు పది వేళ్లు ఉండి కూడా రావడంలేదు" అన్నాడు. మావాడు "ప్రాక్టీసు" అన్నాడు. ఆ పిల్లవాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ సాయంకాలం ఇద్దరం ఆనకట్ట వైపు నడిచాం. వాన పడి గేట్లు ఎత్తారు. పినాకినిలో బెంగళూరు వైపునుండి వచ్చే మురుగు, ఫ్యాక్టరీల నీళ్లు కలిసి గేట్ల దిగువన తెల్లని నురుగు గుట్టలుగా లేచి ఉంది. చాలాసేపటి తరువాత వాడు అన్నాడు: "మామా, వాడు నన్ను చూసి ఏడ్చాడు. నేను ప్రాక్టీసు అన్నా. నాకు ఆ ప్రెస్సుకి చుట్టిన టేపు గుర్తొచ్చింది."

నేను జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే అలాంటి టేపు నేను వేరేచోట పనిమీద వెళ్లినప్పుడు చూశాను. చూసి, నా మరమ్మతు పని ముగించుకొని, ఏమీ అనకుండా వచ్చేశాను. ఒకసారి కాదు.

ఇప్పుడు ప్రశ్నకు వస్తాను. డబ్బీ ఒకటే, వైరు ఒకటే. మొదటి గదిలో ఉన్నదాన్ని మనమందరం సహాయం అంటాం. రెండవ గదిలో ఉన్నదాన్ని మోసం అంటున్నాం. రెండూ ప్లేస్టేషన్‌కు వెళ్లే అంకెలను మార్చేవే గదా. మరి తేడా ఎక్కడున్నది? ఈ ప్రశ్న నాకు చాలాకాలం నిద్రపట్టనివ్వలేదు. మూడు పరీక్షలు నాకు తోచాయి.

మొదటిది: అది పోటీలోకి తీసుకువస్తున్నదా, పోటీనే తీసివేస్తున్నదా? మీటను ఎడమచేతికి మార్చినంత మాత్రాన గురి కుదరదు. గురి చూడడం, తుపాకిని అదుపులో పెట్టడం, ఎప్పుడు పేల్చాలో తెలుసుకోవడం అన్నీ వాడే చేయాలి. వేళ్లు ఉన్నవాడికి ఏ పని మిగిలి ఉందో వాడికీ అదే మిగిలి ఉంది. తుపాకి ఎగరకుండా పట్టే స్క్రిప్టు మాత్రం అందరికీ సమానంగా ఉన్న కష్టాన్ని వాడికి ఒక్కడికి ఎత్తివేసింది. డెస్టినీ 2 ఆటను తయారుచేసిన బంజీ సంస్థ 2023లో తన నియమాలను వివరించినప్పుడు ఇంచుమించు ఈ గీతనే గీసింది. ఆటను అందరిలాగా ఆడగలగడానికి బయటి పరికరం వాడితే తప్పులేదు, ఆటగాళ్లందరూ ఎదుర్కోవలసిన కష్టాన్ని తప్పించుకోవడానికి వాడితే తప్పు అని. మైక్రోసాఫ్ట్ 2018లో, సోనీ 2023 డిసెంబరులో వికలాంగుల కోసం ప్రత్యేక కంట్రోలర్లను విడుదల చేశాయి. పెద్ద బటన్లు, వేరే మీటలు తగిలించుకునే వీలు, ఎలా కావాలంటే అలా అమర్చుకునే సౌకర్యం వాటిలో ఉన్నాయి. తుపాకిని మీ బదులు పట్టుకోవడం మాత్రం వాటి పని కాదు.

రెండవది: దాని ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు? మనం డబ్బీకి చెల్లించిన రూపాయలు అసలు ఖరీదు కాదు. ఎదుటివాడు నెలల తరబడి నేర్చుకున్న నేర్పును మనం ఒక్క రాత్రిలో పనికిరానిదిగా చేశాం. ఓడిపోయినప్పుడు వాడు తనను తాను నిందించుకుంటున్నాడు. ఇది ఒకరితో ఆగేది కూడా కాదు. 2018 అక్టోబరులో షాంఘైలో జరిగిన ఎక్స్‌ట్రీమ్స్‌ల్యాండ్ పోటీలలో కౌంటర్ స్ట్రైక్ ఆడుతున్న ఆప్టిక్ ఇండియా జట్టులో ఒక ఆటగాడి కంప్యూటరులో మోసపు ప్రోగ్రాం పట్టుబడింది. జట్టు మొత్తాన్ని పోటీనుండి తొలగించారు, తరువాత ఆ జట్టే లేకుండా పోయింది. ఏ తప్పూ చేయని నలుగురి శ్రమ ఒకడితో పాటు పోయింది.

అంతకంటె బాధాకరమైన సంగతి ఏమిటంటే, దొంగ సహాయం నిజమైన సహాయాన్ని కూడా పాడుచేస్తుంది. క్రికెట్ చూసేవారికి రన్నర్ సంగతి గుర్తుండే ఉంటుంది. దెబ్బ తగిలిన బ్యాట్స్‌మన్ బదులు ఇంకొకడు పరుగెత్తేవాడు. అది మంచి నియమమే. కాని అలసిపోయినవారు, కాలు పట్టేసినవారు కూడా దెబ్బ తగిలిందని రన్నర్‌ను అడుగుతున్నారని విమర్శలు వచ్చాయి. 2011 అక్టోబరు నుండి అంతర్జాతీయ మ్యాచ్‌లలో ఐ.సి.సి. రన్నర్‌ను తీసివేసింది. నిజంగా దెబ్బ తగిలినవాడికి కూడా ఇక లేదు. ఆటపెట్టెల విషయంలోనూ ఇలాగే అయింది. 2023 నవంబరునుండి ఎక్స్‌బాక్స్‌లో అనుమతి లేని పరికరాలు పనిచేయకుండా అడ్డుకోవడం మొదలుపెట్టారు. అలాంటి చవక పరికరాలతోనే తమకు అనువుగా ఆడుకుంటున్న వికలాంగులు కొందరు మా గతి ఏమిటని అడిగారు. మావాడివంటివారి పేరు చెప్పుకొని మావాడివంటివారి నోటి ముందు కూడు తీసివేసినట్లు అయింది.

మూడవది: ఎదుటివాడి ముఖం చూసి చెప్పగలవా? నాకు ఇది అన్నిటికంటె సులువైన పరీక్షగా కనబడుతుంది. "నాకు రెండు వేళ్లు లేవు, మీటను ఎడమచేతికి మార్చుకున్నాను" అని మావాడు ఎవరికైనా చెప్పగలడు. విన్నవాడు సంతోషిస్తాడు. "నా తుపాకిని డబ్బీ పట్టుకుంటుంది" అని చెప్పగలడా? చెబితే ఇక వాడితో ఎవరూ ఆడరు. చెబితే నిలబడేది సహాయం. దాచితేనే నిలబడేది మోసం. ప్రెస్సుకు చుట్టిన టేపు కూడా తనిఖీవాళ్లు వస్తున్నారంటే విప్పేసేదే గదా.

ఇందుకు కొందరు ఎదురు చెబుతారు. "ఈ డబ్బీలు బహిరంగంగా అమ్ముతున్నారు గదా" అంటారు. నిజమే. క్రోనస్ జెన్, జిమ్ వంటి పేర్లతో బజారులో దొరుకుతున్నాయి. అయితే కాల్ ఆఫ్ డ్యూటీ వారి రికోషే అనే కాపలా వ్యవస్థ 2023 ఏప్రిల్‌నుండి ఇలాంటి పరికరాల దుర్వినియోగాన్ని పట్టుకుంటున్నది. మొదట హెచ్చరిక, మానకపోతే శాశ్వత నిషేధం వరకు పోవచ్చునని ప్రకటించారు. అమ్మడానికి చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ఆడేవారి మధ్యనున్న మాట చెరిగిపోదు. కత్తెర అమ్మడం నేరం కాదు, జేబు కత్తిరించడం నేరం.

"ఆటలోనే గురికి సాయం ఇస్తున్నారు గదా" అని ఇంకొందరు అంటారు. అదీ నిజమే. బొటనవేలి పుల్లతో గురి చూడడం మౌసుతో చూడడంకంటె కష్టం గనుక చాలా ఆటలు కంట్రోలర్‌వారికి కొంత సాయం చేస్తాయి. కాని ఆ సాయం అందరికీ తెలిసినది, కంట్రోలర్ పట్టిన ప్రతివాడికీ సమానంగా అందేది. కొందరు మౌసుతో ఆడుతూ, అడాప్టర్‌చేత కంట్రోలర్ అని చెప్పించి, ఆ సాయాన్ని కూడా పుచ్చుకుంటున్నారు. ఆరోగ్యంగా ఉండి బస్సులో వికలాంగుల సీటులో కూర్చోవడం వంటిదే అది. రెయిన్‌బో సిక్స్ సీజ్ ఆటలో 2023లో అడాప్టర్‌తో మౌసు వాడేవారిని కనిపెట్టి, వాళ్ల నొక్కులు ఆలస్యంగా చేరేటట్లు చేయడం మొదలుపెట్టారు.

ఈ రెండు వాదాలకు జవాబు చెప్పడం కష్టం కాదు. నాకు కష్టమైంది మా అక్క మాట. స్క్రిప్టులు తీసివేద్దామని నేను అన్న రోజు ఆమె గిన్నె క్రింద పెట్టి ఇలా అన్నది: "వాడి వేళ్లు పోయినప్పుడు ఎవరూ న్యాయం అడగలా. ఇప్పుడు ఉత్తుత్తి తుపాకికి న్యాయం అడుగుతున్నావా తమ్ముడూ?"

ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు ఇప్పటికీ లేదు. లోకం వాడికి అన్యాయం చేసింది. వాడు ఆరు నెలల తరువాత నవ్వాడు. ఆ నవ్వును తీసివేయడానికి నేనెవరిని? అయితే నేను ఇంతవరకు ఆలోచించగలిగాను. వాడికి బాకీ పడ్డవారు ఉన్నారు. టేపు చుట్టినవారు, చుట్టమన్నవారు, చూసి ఊరుకున్న నావంటివారు. బాకీ మాదగ్గర వసూలు చేయాలి. బాగలూరు రోడ్డు పిల్లవాడి దగ్గర కాదు, ఎక్కడో పేరు తెలియని ఊరిలో వాడితో ఆడే పిల్లవాడి దగ్గర కాదు. మన పొలంలోకి ఎగువవాళ్లు మురుగు వదిలారని మనం దిగువవాళ్ల పొలంలోకి వదిలితే మన నీళ్లు శుభ్రం కావు.

ఇంకొక మాట. దొంగ గెలుపు వాడికి ఇచ్చింది ఏమిటి? ఆ చేత్తో తాను నిజంగా ఎంత చేయగలడో తెలుసుకునే అవకాశాన్ని అది తీసివేసింది. రెండు వేళ్లు ప్రెస్సు తీసుకుంది. మిగిలిన మూడు వేళ్ల శక్తిని మేము డబ్బీకి అప్పగించాం. స్నేహితుడు మెచ్చుకున్నది వాణ్ణి కాదు, నేను కుదిర్చిన ఇరవై అయిదు అనే అంకెను. అది వాడికి తెలుసు. అందుకే ఆ మెప్పు వాడిని గుచ్చింది.

చివరకు తీర్పు చెప్పింది నేను కాదు, మా అక్కా కాదు. వాడే ఒక ఉదయం డబ్బీ వైరు పీకి నా బల్ల మీద పెట్టాడు. మీటల సంగతి ఏం చేద్దామని వెతికితే, ప్లేస్టేషన్ సెట్టింగులలోనే, యాక్సెసిబిలిటీ అనే చోట, బటన్లను ఒకదానికొకటి మార్చుకునే వీలు ఉన్నది. పైసా ఖర్చు లేదు. మొదటినుండీ అక్కడే ఉన్నది. ముప్పై ఏళ్ల ఎలక్ట్రీషియన్నైన నేను అసలు పెట్టె తెరిచి చూడకుండా అడ్డదారి కొనుక్కొచ్చాను.

వాడు స్నేహితుడికి చెప్పాడు. ఆ పిల్లవాడు ఏమీ అనలేదు, తొమ్మిది రోజులు రాలేదు. పదవరోజు వచ్చి, "ఇప్పుడు ఆడు చూద్దాం" అన్నాడు. మావాడు ఓడిపోయాడు. వరుసగా చాలా రోజులు ఓడిపోయాడు. ఇప్పటికీ ఎక్కువసార్లు ఓడిపోతూనే ఉన్నాడు. కాని ఓడినప్పుడు గట్టిగా అరుస్తాడు, గెలిచినప్పుడు ఇంకా గట్టిగా అరుస్తాడు. ఇంతకు ముందు గెలిచినప్పుడు అరిచేవాడు కాదని అప్పుడు గాని మాకు అర్థం కాలేదు.

ప్రియులారా, మన పిల్లలను ఎన్ని గంటలు ఆడావని అడుగుతాం. ఎలా ఆడావని కూడా ఒకసారి ప్రక్కన కూర్చొని అడుగుదాం. అడిగేముందు మన పనిచోట, మన అంగడిలో, మన కాగితాలలో మనం టేపు చుట్టి ఉంచిన బటన్లు ఏమైనా ఉన్నాయేమో చూసుకుందాం. ఈమధ్య ఒక షెడ్డులో మోటారు బాగుచేయడానికి వెళ్లినప్పుడు ఒక ప్రెస్సుకు టేపు కనబడింది. ఈసారి నేను ఊరుకోలేదు. విప్పించిన తరువాతనే నా పెట్టె తెరిచాను. వాళ్లు నన్ను మళ్లీ పిలవలేదు. పిలవకపోయినా ఫరవాలేదు.